పసుపు పెట్టిన కార్డు

కోరుట్లలో మా నాన్న బట్టల దుకాణంలో ఒక్క గుడ్డకే బేరం ఉండేది కాదు. శవం మీద కప్పే తెల్లగుడ్డకు. పట్టుచీర దగ్గర దేవుడి మీద ఒట్టు, పిల్లల మీద ఒట్టు, చివరికి గల్లాపెట్టె మీద ఒట్టు వేసి ఇల్లు అమ్ముకుంటున్నట్టు మొహం పెట్టే మా నాన్న, ఆ గుడ్డ అడిగితే మాత్రం మాట్లాడకుండా కొలిచి, చింపి, మడిచి చేతిలో పెట్టేవాడు. వాళ్లు ఎంత ఇస్తే అంత. నేను బట్టలు వదిలేసి జగిత్యాలలో ఫోటో స్టూడియో పెట్టుకున్నప్పుడు మా నాన్న తెలివిలో పావు వంతు కూడా వెంట తెచ్చుకోలేదు గానీ, ఈ నియమం మాత్రం తెచ్చుకున్నాను. పోయినవాళ్ల ఫోటో పెద్దది చేయించడానికి వచ్చేవాళ్లతో బేరం చేయను.

అందుకే మొన్న ఒక అమ్మాయి ఒళ్లో బ్యాగు పెట్టుకుని కూర్చుని, "ఫోటో పెద్దగ జేయాలె, దినాలకు గావాలె, ఎంతైతది?" అని అడిగితే, "పైసల సంగతి తర్వాత బిడ్డా, ముందు ఫోటో ఇయ్యి" అన్నాను.

"ఫోటో లేదు కాకా. మీ దగ్గరనే ఉంటదని అచ్చిన."

"నా దగ్గరనా? ఎవలది?"

"మా అమ్మది. కార్డు పట్టుకొని అత్తుండె గదా."

నేను నిలబడి ఉన్నవాణ్ని కూర్చున్నాను.

ఆమె సారంగాపూర్ దిక్కు పల్లె నుంచి వచ్చేది. గౌండ్లవాళ్లు. భర్త ఒకప్పుడు తాళ్లెక్కి కల్లు గీసేవాడు, తర్వాత గల్ఫ్ పోయాడు. ఆమె బీడీలు చేసేది. స్టూడియోలో కుర్చీ చూపిస్తే కూర్చునేది కాదు, గడపకు ఒక కాలు లోపల, ఒక కాలు బయట. మా బజారు వాళ్లకు ఆ నిలబడడం అర్థమవుతుంది: బేరం కుదరకపోతే పోవడానికి బయటి కాలు తయారుగా ఉందని చెప్పడం అది. మాట్లాడుతున్నంతసేపూ ఎడమచేతి బొటనవేలు చూపుడువేలి మీద తిరుగుతూనే ఉండేది. ఆకు లేకపోయినా, తంబాకు లేకపోయినా, గాలిని చుడుతూ ఉండేది.

మొదటిసారి వచ్చినప్పుడు కొంగుముడి విప్పి, అందులోంచి కుంకుమబరిణె తీసి, అందులోంచి గోరంత మెమరీ కార్డు తీసింది. అప్పట్లో మా స్టూడియోలన్నీ ఆ కార్డుల మీదే బతికేవి. ఫోన్లలో ఇంకా ఇంటర్నెట్ లేదు. దుబాయి నుంచో మస్కట్ నుంచో సెలవు మీద వచ్చేవాడు గదిలో ఉన్నవాళ్లందరి కార్డులూ ఒక కవర్లో కట్టుకుని, సబ్బులూ జండూబాములతో పాటు ఇంటింటికీ పంచేవాడు. ఇంటివాళ్లు వాటిని పట్టుకుని నా దగ్గరికి వచ్చేవారు. రీడర్లో పెట్టి, ఫోటోలు కంప్యూటర్లోకి దింపి, నచ్చినవి కడిగి ఇచ్చేవాణ్ని. ఎవరిదో ఒక తెల్లకారు ముందు మా జిల్లా సగం నిలబడి ఫోటో దిగింది. ఆ కారు నంబరు నాకు కంఠస్థం.

"ఇప్పి సూసుడుకు వేరే, కడిగిచ్చుడుకు వేరే అక్కా" అన్నాను.

"సూసుడుకు గూడ పైసలా? కొత్తిమీరకట్ట ఇటు అటు తిప్పి సూత్తె పైసలడుగుతరా సేటూ?"

"కొత్తిమీరకు కరెంటు బిల్లు లేదు."

"నాకు గూడ లేదు. గుడ్డిదీపం ముందటనే బీడీలు జేత్త." బయటి కాలు కొంచెం కదిలింది. నేను దిగివచ్చాను. చూడడం ఉచితం.

నా కార్డ్ రీడరు గురించి ఇక్కడ చెప్పాలి. హైదరాబాదులో కోఠీ ఫుట్‌పాత్ మీద, అన్ని రకాల కార్డులకూ రంధ్రాలున్న రీడరును, అమ్మేవాడు నన్ను తిట్టేదాకా బేరం చేసి సగం ధరకు తెచ్చాను. ఇంటికొచ్చాక తెలిసింది, సగం రంధ్రాలు గుడ్డివి. సగం ధరకు సగం కళ్లు. కాబట్టి ఆమె చిన్న కార్డును పెద్ద కార్డు ఆకారంలో ఉండే తొడుగులో పెట్టి, పనిచేసే పెద్ద రంధ్రంలో పెట్టాను. కంప్యూటరు కాసేపు గింజుకుని, ఒక ప్రశ్న వేసింది.

"ఏమంటుంది?" అందామె.

"కార్డు సాఫ్ జెయ్యాల్నా అని అడుగుతుంది."

"సాఫ్ జేత్తె అత్తయా ఫోటోలు?"

"సాఫ్ జేత్తె ఏముండదు. ఖాళీ అయితది."

"మరి గట్లెందుకు అడుగుతుంది? పానమున్నదా లేదా సూడకుంటనే పాడె గట్టాల్నా అన్నట్టు! వద్దను. గట్టిగ అను."

వద్దు అన్నాను. మళ్లీ పెట్టాను, మళ్లీ అదే ప్రశ్న. "అక్కా, కార్డు ఖరాబైంది" అన్నాను.

"ముందుగాల నీ డబ్బ మంచిగున్నదా సూడు సేటూ. నా కార్డుకు వంక పెడుతున్నవ్."

గుడ్డి రంధ్రాల సంగతి నాకు తెలుసు కాబట్టి ఆ మాట గుచ్చుకుంది. నా కెమెరాలోనూ అలాంటి చిన్న కార్డే, అలాంటి తొడుగులోనే ఉంటుంది. అలా కొంటే చవక. గోడను ఒక ఫోటో తీసి చూపించబోయాను.

"గోడను దింపితే నేనెట్ల నమ్మాలె? నిన్నటి గోడ గూడ గట్లనే ఉంటది."

"మరి నిన్ను దింపాల్నా?"

"దింపు. కార్డు గూడ పడాలె. ఇప్పటిదే అని తెలువాలె."

కార్డును నా తొడుగులోంచి తనే లాక్కుని, రెండు వేళ్లతో చెంప పక్కన ఎత్తి పట్టుకుని, పోలీస్‌స్టేషన్‌లో నిలబడ్డట్టు కెమెరాలోకి చూసింది. తీశాను. అదే రంధ్రంలో నా కార్డు పెట్టాను. తెర మీద ఆమె కనిపించింది. కనిపించగానే మొహం వాడిపోయింది. నా రీడరు మంచిదే. అంటే చెడ్డది కార్డే.

అప్పుడు కార్డును వెలుతురు కింద పెట్టి చూశాను. వెనకవైపు బంగారు రంగులో ఉండే పళ్ల మధ్య పచ్చగా గట్టిపడి ఉంది.

"ఇదేంది అక్కా?"

"పసుపు. బొట్టు గూడ పెట్టిన. సముద్రం దాటి అచ్చింది, ఇంట్లకు కొత్తగ అచ్చిందాన్ని ఉత్తగ పెట్టుకుంటమా? దేవుని ముందట పెట్టిన."

"కార్డుకు ఎవలన్న పసుపు పెడుతరా?"

ఆమె నా కంప్యూటరు వైపు చూసింది. దసరాకు నేను పెట్టిన మూడు పసుపు గీతలూ, కుంకుమబొట్టూ దాని నుదుట ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"నేను డబ్బా మీద పెట్టిన" అన్నాను, గొంతు తగ్గించి. "నువ్వు పండ్ల మీద పెట్టినవ్. తడి లోపటికి పోయింది."

"బంగారమున్న దిక్కే మొఖమనుకున్న" అంది.

తరతరాలుగా కొత్త సైకిలుకు, కొత్త తాళంచెవికి, గ్యాసుపొయ్యికి పెట్టిన చేయి. దానికి ఏది మొహమో, ఏది నోరో ఎవరు చెప్పాలి? పెన్సిలు రబ్బరుతో రుద్దాను. స్పిరిటులో దూది ముంచి తుడిచాను. కంప్యూటరు మాత్రం తన ప్రశ్న మానలేదు.

ఆ కార్డుతో ఆమెకు ఏం పనో తర్వాతి వారం తెలిసింది. భర్త కంపెనీ వదిలి బయట దాక్కుని పని చేసుకుంటున్నాడు. కాగితాలు లేవు. శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేవాడు. చివరి ఫోన్లో చెప్పాడట: "ఫోటోలు దిగి పంపుతున్న. జుట్టు పోయింది, పొట్టచ్చింది. పిల్లకు ముందుగాలనే చెప్పు, జడుసుకుంటది." ఆ తర్వాత ఫోను మోగలేదు. కార్డు తెచ్చిన మనిషికి తెలిసింది ఒక్కటే, అతను ఆ గది ఖాళీ చేసి ఎటో పోయాడని.

చుట్టుపక్కల ఏ ఊళ్లో ఎవరు గల్ఫ్ బండి ఎక్కుతున్నా ఆమె వాళ్లింటికి పోయేది. "జర గీయన యాడన్న కనవడితె సూడుండ్రి" అని ఫోటో చేతిలో పెట్టేది. ఆమె దగ్గర ఉన్నది పెళ్లిఫోటో ఒక్కటే. అందులో బక్కపలచని పిల్లవాడు, నుదురు కనిపించనంత జుట్టు. "గీ పిలగాడు ఆడ దొరకడు గని, ఏ కాలేజిలనో దొరుకుతడు" అని నవ్వేవాళ్లట పోయేవాళ్లు. ఆమె కూడా నవ్వి, "గిప్పుడు గిట్ల లేడు. గిప్పటి మొఖం కార్డుల ఉన్నది" అని చెప్పేది. ఇప్పటి మొహం ఉంటే తప్ప ఆ మనిషి దొరకడు. ఆమె అడిగింది అంతే.

ఒకరోజు ఆమె పోరు పడలేక ఆ పెళ్లిఫోటోను కంప్యూటర్లో పెట్టి జుట్టు తీసేయడం మొదలుపెట్టాను. ఆమె గడప దాటి లోపలికి వచ్చి నా భుజం మీదుగా చూస్తూ చెప్పింది.

"ఇంకింత తియ్యి. ముంగట గూడ తియ్యి. చెంపలు జర నింపు. మీసం ఉండనీ."

తీశాను, నింపాను. పాపం, నేను నా తెలివికి మురిసిపోతున్నాను కూడా. ఆమె చాలాసేపు చూసింది.

"గీయన ఎవలో నాకెర్కలేదు సేటూ. మల్ల జుట్టు పెట్టు."

పెట్టాను.

ఆ వానాకాలం ఒక పొద్దున ఆమె పరుగున వచ్చింది. చేతిలో బీడీల గంప లేదు. పక్క ఊరి మనిషి గల్ఫ్ నుంచి ఫోన్ చేశాడట. ఏదో ఆస్పత్రిలో శవాల గదిలో మన దిక్కు మనిషి ఒకడు ఉన్నాడు, కాగితాలు లేవు, ఎవరూ అడగడానికి రాలేదు. ఈ మధ్య తీసిన ఫోటో ఉంటే వెంటనే పంపండి, పోల్చి చూస్తాం, లేకపోతే అక్కడే పూడ్చేస్తారు అన్నాడట.

"ఇయ్యాల ఎట్లనన్న తియ్యి" అంది. ఆరోజు ఎప్పటిలా నా డబ్బాను పరీక్షించమని అనలేదు. అది చూసే నాకు భయమేసింది.

రీడర్లో పెట్టాను. సాఫ్ చెయ్యాల్నా అంది కంప్యూటరు. ఆమె తనే చేయి చాపి, వద్దు మీద నొక్కింది.

సిరిసిల్లలో సాంచెల మధ్య, అంటే మరమగ్గాల షెడ్ల మధ్య, ఒక ఫోన్ల రిపేరు భాయ్ ఉన్నాడని, పోయిన ఫోటోలు లాగుతాడని విన్నాను. దుకాణానికి తాళం వేశాను. వేములవాడ మీదుగా బస్సు. ఆమె కుడి గుప్పిట్లో కార్డు, ఎడమచేయి గాలిని చుడుతూనే ఉంది. ఊళ్లు పోతున్నాయి. చాలాసేపటికి నా వైపు తిరిగింది.

"ఆయన గావద్దని మొక్కాల్నా, ఆయననే దొరకాలెనని మొక్కాల్నా సేటూ? రెండు మొక్కులు ఒక్కపారే నోట్లకు అత్తున్నయి."

ప్రతిదానికీ ఒక ధర చెప్పగలిగే నోరు నాది. ఆ నోటితో, వేములవాడ ఇంకెంత దూరమని కండక్టరును అడిగాను.

ఆ భాయ్ గదికి రెండు పక్కలా సాంచెలు నడుస్తున్నాయి. టకటకల్లో ఒకరి మాట ఒకరికి వినిపించదు. కార్డును భూతద్దం కింద పెట్టి, సన్నని బ్రష్షుతో గీకి, ఏదో ద్రావకంలో కడిగి, తన రీడర్లో పెట్టాడు. మధ్యాహ్నమంతా తెర మీద ఒక పచ్చగీత మెల్లగా పాకింది. పొద్దు వాలుతుండగా మమ్మల్ని సైగ చేసి పిలిచాడు.

"బస్, గింతనే అచ్చింది అమ్మా. కింద అంత ఖరాబ్."

ఒక్క ఫోటో. అదీ పైనుంచి సగమే. తిరుగుతున్న ఫ్యాను. తాడు మీద ఆరేసిన లుంగీలు. ఇనుపమంచం పై అంతస్తు. దాని ముందు ఒక మనిషి తల. బట్టతల, వెడల్పు నుదురు, కనుబొమ్మలు. అక్కడితో ఆగిపోయింది. కళ్ల దగ్గరనుంచి కిందంతా సిమెంటు పూసినట్టు బూడిదరంగు.

ఆమె తెర దగ్గరికి వంగింది. ఎడమ కనుబొమ్మ పైన వేలు పెట్టింది. అక్కడ ఏటవాలుగా ఒక గాటు.

"మోకుతాడు గీసుకున్నది. చెట్టెక్కంగ తెగి పడ్డడు, గప్పటిది" అంది. "ఆయననే."

అంటూనే ఆ బూడిదరంగు మీద అరచేయి పెట్టింది, కిందికి తుడిస్తే మిగతా మొహం వస్తుందేమో అన్నట్టు. భాయ్ తల దించుకున్నాడు. ఆమె చేయి తీసి, కొంగుతో మొహం తుడుచుకుని, అతని వైపు తిరిగింది.

"సగమే అచ్చింది. సగం పైసలే ఇత్త."

"మీ ఇష్టం అమ్మా" అన్నాడు. సగం పైసలన్న గొంతు మాత్రం ఆమెది కాదు. అలవాటు మాట్లాడింది.

ఆ సగం ఫోటోను అక్కడి మనిషికి ఈమెయిల్లో పంపాను. మర్నాడు జవాబొచ్చింది. శవానికి కనుబొమ్మ మీద గాటు లేదు, తల నిండా జుట్టుంది. ఆమె భర్త కాదు. శుభవార్త మోస్తున్నాననుకుని ఆ మాట ఆమెకు చెప్పాను. ఆమె మొట్టమొదటిసారి మా స్టూడియోలో కుర్చీ మీద కూర్చుంది.

"మరి ఆయన యాడున్నడు?" అంది.

నేను నీళ్లు ఇచ్చాను. తాగలేదు.

"గా సచ్చినాయన పెండ్లానికి ఎర్కనో లేదో" అంది మళ్లీ. "ఆమె దగ్గరన్న ఫోటో ఉన్నదో లేదో."

ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. జగిత్యాల జిల్లా అయింది, సిరిసిల్ల జిల్లా అయింది. అందరి ఫోన్లలోకీ ఇంటర్నెట్ వచ్చింది. రోజూ మొహాలు చూసుకుంటూ మాట్లాడుకునే కాలం వచ్చింది. కార్డులు తెచ్చేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఆమె మాత్రం వచ్చేది. ఆలస్యమైన బస్సు గురించి అడిగినట్టు, "కింది సగమేమన్న అచ్చేటట్టున్నదా?" అని అడిగేది. నేను కంప్యూటరు మారిస్తే ఎలా తెలిసేదో, ఆ వారమే దిగేది. "కొత్త డబ్బ తెచ్చినవట గదా?" కొత్త రీడరు కొంటే వచ్చేది. బేరమాడి కొన్నానని తెలిస్తే అనుమానంగా చూసేది. ప్రతిసారీ కార్డు ఇవ్వబోతూ చేయి వెనక్కి లాక్కునేది.

"ముందుగాల నీ డబ్బ మంచిగున్నదా సూడు."

ప్రతిసారీ ఒక ఫోటో. చెంప పక్కన కార్డు. దాన్ని తెర మీద చూసి, తృప్తిపడి, అప్పుడు కార్డు ఇచ్చేది. కంప్యూటరు తన ప్రశ్న వేసేది. ఆమె వేలితో తనే వద్దు నొక్కేది. నొక్కి, బరిణెలో పెట్టి, కొంగున కట్టి వెళ్లిపోయేది.

ఒకసారి మాత్రం వచ్చి వెంటనే కార్డు తీయలేదు.

"కుల పెద్దలు ధర్మపురి పోదామంటున్నరు సేటూ. గోదారొడ్డున గడ్డితోని మనిషిని జేసి కాలుస్తరట. గట్ల జేత్తె అయిపోయినట్టేనట. బొట్టు తీసెయ్యాల్నట."

"నువ్వేమన్నవ్?"

"సగం మొఖం నా దగ్గరున్నది, గడ్డిమొఖం నాకెందుకు అన్న." కొంగుముడి విప్పి బరిణె తీసింది. "నీ డబ్బ లెక్కనే అడుగుతున్నరు వాళ్లు గూడ. సాఫ్ జెయ్యాల్నా అని."

ఆమె పేరు నేనెప్పుడూ అడగలేదు. కంప్యూటర్లో ఆ ఫోటోలు పెట్టుకున్న ఫోల్డరుకు 'టెస్టు' అని పేరు పెట్టాను. వాటికి ఎప్పుడూ పైసలు అడగలేదు. అడిగినా ఇచ్చేది కాదు. నా డబ్బా పరీక్షకు ఆమె పైసలెందుకు ఇస్తుంది?

మొన్న ఆ ఫోల్డరు తెరిచి ఆమె కూతురికి చూపించాను.

"జరమని పండింది, లేవలే" అని అప్పటిదాకా చెబుతున్న అమ్మాయి ఆగిపోయింది. తెర మీద వాళ్లమ్మ వరసగా నిలబడి ఉంది. మొదటి దాంట్లో నల్లటి జుట్టు, చివరి దాంట్లో తెల్లటిది. చీరలు మారాయి, వెనక నా గోడ రంగు మారింది. కార్డు మారలేదు, అనుమానంగా చూసే ఆ చూపు మారలేదు. అన్నిట్లోనూ ఎడమచేయి మాత్రం మసకగానే పడింది. అది ఆగేది కాదు కదా. అన్నిట్లోనూ నుదుట రూపాయిబిళ్లంత బొట్టు.

"ఇంట్ల ఒక్కటి గూడ లేదు" అంది అమ్మాయి. "ఫోటో దిగుమంటే, మీ బాపుది రానీ ముందు అనేది. ఈడ గిన్ని దిగిందా!"

చివరి ఫోటోను ఎంచుకుంది. ఇలాంటప్పుడు స్టూడియోవాణ్ని అడగాల్సినవి కొన్ని ఉంటాయి. వెనక గోడ తీసి నీలిరంగు వెయ్యాలా, చేయి కనిపించకుండా కొయ్యాలా, దండ వెయ్యాలా. అవి అడిగాను. ఆడవాళ్ల ఫోటోకు ఇంకొకటి అడుగుతాం. అది నా నోట రాలేదు. ఆ అమ్మాయే చెప్పింది.

"ఊర్లె బొట్టు తీసెయ్యుమంటున్నరు. బాపుది గూడ పక్కకు పెట్టి ఇద్దరికి దండెయ్యుమంటున్నరు."

"నువ్వేమంటవ్ బిడ్డా?"

తెర మీద ఉన్న తల్లిని చూస్తూనే మాట్లాడింది. "నాకు బాపు యాదికి లేడు కాకా. గా నొసలు ఒక్కటే ఎర్క. నొసటికి దండెట్ల ఏస్త?" తెర మీది బొట్టు మీద వేలు పెట్టింది. "అమ్మది ఉన్నదున్నట్టే జెయ్యుండ్రి. బొట్టు ఉండనీ. చెయ్యి గూడ ఉండనీ."

కింద రాయడానికి పేరు అడిగాను. చెప్పింది. ఇన్నేళ్లకు తెలిసిన ఆ పేరును కంప్యూటర్లో కొట్టాను. ఫోటోకు ఎంతో ఆమె మళ్లీ అడగలేదు, నేను చెప్పలేదు.

పని అయిపోయిందనుకుని లేచాను. అమ్మాయి లేవలేదు. ఒళ్లోని బ్యాగు తెరిచి, బరిణె తీసింది. మూత తిప్పింది. కుంకుమలోంచి కార్డు తీసి, చీర అంచుకు తుడిచింది.

"ఇప్పుడు కొత్త మిషన్లు అచ్చినయట గదా, ఖరాబైనయి గూడ చదువుతయట?"

నిజానికి నా దగ్గర కొత్త రీడరు ఉంది. ఈసారి బేరం చేయకుండా, చెప్పిన ధర ఇచ్చి కొన్నది. మా నాన్న ఉంటే ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. "పెట్టి సూద్దాం" అని చేయి చాపాను.

అమ్మాయి కార్డు ఇవ్వబోయి, చేయి వెనక్కి లాక్కుంది.

"ముందుగాల మీ డబ్బ మంచిగున్నదా సూడుండ్రి."

నేను కెమెరా అందుకున్నాను. ఆ అమ్మాయి కార్డును చెంప పక్కన ఎత్తి పట్టుకుంది, బంగారం ఉన్న వైపు నా దిక్కు తిప్పి.